గోళీ ఎవరి దగ్గరుంది

కుట్టుమిషను పక్కకి జరిపి, ప్లైవుడ్డు పరిచి
ఎనభై ఏడో వంతు కొలతకి
పిట్టగుడ స్టేషను కట్టాను.
బొగ్గుపొడి నిజమైనదే,
రాయగడ పాత షెడ్డు వెనక గోకి తెచ్చింది.
నీళ్ల టవరుకి మూడు పూతల తుప్పురంగు.
నాగావళి మాత్రం జిగురు.

చూడ్డానికి కిల్లి కూర్మయ్య వచ్చాడు.
అక్కడే ముప్పై రెండేళ్లు పాయింట్సుమన్.
మేడెక్కిన ఆయాసం తీరాక, కళ్లజోడు తుడుచుకుని
ముందు టవరు చూశాడు.
"ఇది కారదేటి?"
కారని టవరు ఆయన ఎరగడట.
కారిన చోట తోటకూర మొలిచేదట,
మాస్టారి భార్య పొద్దున్నే కోసుకునేదట.

స్విచ్చి వేశాను.
పార్వతీపురం వైపు నుంచి పాసింజరు,
అటు నుంచి మాంగనీసు గూడ్సు,
రెండూ ఒకేసారి, హుషారుగా

పట్టాలకి అడ్డంగా ఆయన అరచెయ్యి.
"ఆపు బాబూ.
ఒంటి లైను గదా.
గోళీ ఎవుడికిచ్చినావు?"

గోళీ అంటే ఉక్కుది, నిమ్మకాయంత.
ఎర్రపెట్టె కడుపులో ఉంటుంది.
అవతలి స్టేషను గంట కొట్టి ఒప్పుకుంటే తప్ప రాలదు.
ఒకటి బయటుంటే రెండోది కదలదు.
తోలుసంచిలో వేసి, వెదురు చక్రానికి కట్టి
పరిగెత్తే ఇంజనుకి ఎత్తి పట్టుకోవాలి,
ఫైర్‌మన్ మోచెయ్యి దాన్ని ఎగరేసుకుపోతుంది.
ఎవడి దగ్గరుంటే దారి వాడిది.

"ఓపాలి ఆశ్లేష వాన. రాత్రి.
భగీరథి సాహు సెయ్యి సాపినాడు.
సక్రం తగిలినాది, జారినాది,
సంచి సినిగి గోళీ సోడిసేలో పడ్డాది.
ముందర లైను కాళీయే.
మాస్టారికి తెలుసు, అవతలోడికి తెలుసు,
డ్రైవరు రహమతుల్లాకి తెలుసు.
తెలిస్తే సాల్దు గదా. గోళీ గావాల.
నలభై నిమిషాలు లాంతరట్టుకుని ఎతికినాం.
బళ్లోవోలు తిట్టినారు, ఒడియాలోనా తెలుగులోనా.
ఓ ముసిల్ది దిగొచ్చి, తానూ వొంగి ఎతికినాది."

"దొరికిందా?"

"దొరికినాది. పంచెకి తుడిసి ఇచ్చినాను.
బండెల్లిపోనాది.
ఇంకేటీ జరగనేదు."

ఆ చివరి ముక్క చెప్తూ
చొక్కా గుండీ పెట్టుకున్నాడు.

లెక్క వేశాను.
ఎనభై ఏడో వంతుకి ఆ గోళీ ఒక గసగింజ.
వంటింట్లోంచి తెచ్చి, వెండిరంగులో ముంచి
పట్టకారుతో మెల్లగా మెల్లగా
మాస్టారి గది దాకా తీసుకెళ్తుంటే
కూర్మయ్య తుమ్మాడు.

ఇద్దరం నేల మీద, మోకాళ్ల మీద,
నా ఫోను లైటు ఆయన చేతిలో లాంతరు ఎత్తులో.
"ఇంకోటి తెస్తానుండండి, డబ్బా నిండా ఉన్నాయి."
తలెత్తి నన్ను చూశాడు.
ఏమీ అనలేదు.

వెతుకుతున్నాం.
పైన బల్ల మీద
లూపులో గూడ్సు నిలబడే ఉంది.