ఆరు గంటల విందు

చియతూర లోయలో రాత్రి పదకొండు.
మాంగనీసు మసి కిటికీ అద్దానికి కాటుక పెట్టింది.
నా బల్ల మీద లామారా పెళ్లి,
ఆరు గంటల విందు, ఆరు గంటల వీడియో.
మా వైపు పెళ్లంటే అంతే,
విందుపెద్ద లేచి కొమ్ముగిన్నె ఎత్తాడా
ద్రాక్షసారా కన్నా మాటే ఎక్కువ పారుతుంది.

పెళ్లికొడుకు జుంబేరి ఓడ మీద వంటవాడు.
పొద్దున ఏడింటికి పోతీ రేవుకి వ్యాను.
"సముద్రం మీద చూసుకుంటా ఎతేరీ,
పెన్‌డ్రైవులో వేసివ్వు" అని
డబ్బుతోపాటు ఓ జున్నుముద్ద కూడా పెట్టి వెళ్లాడు.

సాఫ్ట్‌వేర్ అంటుందీ:
మిగిలిన సమయం ముప్పై ఒక్క గంట.

సెకనుకి అయిదు ఫ్రేములు, అదీ సరిగ్గా కాదు.
ప్రాసెసర్ నూటికి నూరు,
ఏటవాలు ఎక్కే ఎద్దులా రొప్పుతోంది.
పక్కనే గ్రాఫిక్స్ కార్డు, నూటికి సున్నా.
నాలుగు నెలల అద్దె పోసి కొన్నదాన్ని!
కొత్తల్లుడిలా కాలు మీద కాలేసుకుని
మర్యాదల కోసం చూస్తోంది.

డ్రైవర్ మార్చాను. పాతది వేశాను.
పాతది తీసి ఇంకా పాతది వేశాను.
సెట్టింగుల్లో ఆ ఒక్క వరస మాత్రం బూడిదరంగు,
నొక్కితే పలకదు, తిడితే ఉలకదు.
తిట్టాను కూడా, మా అమ్మ వినకూడనివి.

ఒంటిగంటకి, ఫ్యాను హోరుకి నిద్రపట్టక
పై అంతస్తు సెవెరియాన్ దిగొచ్చాడు.
గని మీద తీగబండి నడిపినవాడు ముప్పయ్యేళ్లు.
కంప్యూటరంటే ఆయనకి టీవీ, కాకపోతే మొండిది.
కుర్చీ లాక్కుని, నా గోడంతా విని అన్నాడు:
"అవతలి గట్టున మనిషి గంట కొట్టందే
మా బండి అంగుళం కదిలేది కాదమ్మాయ్.
దీనికి అవతల ఎవరున్నారు?"

వంగి వెనక్కి చూశాను.
స్క్రీను తీగ మదర్‌బోర్డుకుంది.
కార్డుకి అవతల
ఎవరూ లేరు.

మంచం కింద బడివాళ్లు పారేసిన మానిటర్,
సగం పగులు, సగం నలుపు.
దుమ్ము కూడా దులపలేదు, తగిలించాను.
అది చూపించేదేమీ లేదు, చూస్తున్నట్టుంటే చాలు.
కంప్యూటర్ ఆపి, లేపి, ఊపిరి బిగబట్టాను.
బూడిద వరస నల్లబడింది.
కార్డు ఫ్యాను ఒకసారి గొంతు సవరించుకుంది.

సెకనుకి రెండు వందల పది.
నలభై మూడు నిమిషాలట!
సెవెరియాన్ గాల్లోనే గంట కొట్టాడు.

అయ్యాక, అక్కడక్కడా తీసి చూశాను.
నాట్యాలు బాగున్నాయి. మేజోళ్ల మీద కుట్టు కూడా కనపడుతోంది.
పోయినవాళ్ల పేరున గిన్నెలెత్తే చోట మాత్రం,
కరెంటు పోయి కొవ్వొత్తులు వెలిగించుకున్నారే, అక్కడ,
తొందరలో కార్డు చీకటిని గళ్లుగళ్లుగా కోసేసింది.
ముఖాలు రాళ్ల గోడలయ్యాయి.
విందుపెద్ద చదివిన పేర్లలో
సెవెరియాన్ భార్యదీ ఉంది.

ఆయన అప్పటికే కుర్చీలో నిద్రపోతున్నాడు.
ఆ తొమ్మిది నిమిషాలూ వేరుచేసి
మళ్లీ ఎద్దుకే అప్పజెప్పాను.
నలభై ఆరు నిమిషాలు పడుతుందంది.
పట్టనీ.

ఒక్కో ఫ్రేమూ నెమ్మదిగా,
చీకటి చీకటిగానే, అందులో ముఖం ముఖంగానే
తేలుతుంటే చూస్తూ కూర్చున్నాను.
వ్యాను హారను మోగేసరికి
జున్నుముద్ద సగమే మిగిలింది.