నాలుగు పాయింట్ రెండు

తూనికలు కొలతల శాఖలో పంతొమ్మిదేళ్ల నౌకరీ నాది.
నేను బేగంబజార్ మలుపు తిరిగితే చాలు
త్రాసుల కింద అంటించిన చింతపండు ముద్దలు
వాటంతటవే రాలిపోతాయని సేఠులు నవ్వుతారు.

రాత్రి నుంచి ఏమీ తినొద్దన్నారు.
హిమాయత్‌నగర్లో స్కానింగు, టోకెన్ ముప్పై ఏడు.
ఎదురు హోటల్ ఉస్మానియా బిస్కెట్ల వాసన
నా ఖాళీ కడుపుని ఎగతాళి చేస్తూ
మూడు గంటలు అక్కడక్కడే తిరిగింది.

చల్లటి జెల్లు.
"ఊపిరి పట్టండి. వదలండి.
ఎడమ పక్కకి తిరగండి మేడం."
తిరిగాను.
తెర మీద నల్లటి వంకాయ లాంటి సంచి,
దాని గోడకి అతుక్కుని ఒక తెల్లని చుక్క.
"కదల్లేదు," అంది డాక్టర్ నుస్రత్ తనలో తాను.
"రాయైతే దొర్లేది. ఇది పాలిప్."

ఈ కొసన ఒక ప్లస్ గుర్తు, ఆ కొసన ఒకటి,
మధ్యన చుక్కల గీత.
నాలుగు పాయింట్ రెండు మిల్లీమీటర్లు.

కొలతంటే నాకు భయం లేదు.
కొలతకి దొరకడమే కొత్త.

ముషీరాబాద్ మెట్రో దిగి ఇంటికొచ్చేసరికి
వార్త నాకంటే ముందే మెట్లెక్కింది.
"రాయేగా? కొండపిండాకు పప్పు వండుకో," తోటికోడలు అనసూయ.
"టమాటా గింజలు మానెయ్," కింది వాటా సత్తెమ్మ.
"చిన్నప్పట్నుంచీ దీనికి పైత్యం ఎక్కువే," ఫోన్లో మా అక్క.
మా ఆయన ఏమీ అనలేదు.
రిపోర్టుని మూడు మడతలు పెట్టి, విప్పి,
మళ్లీ మడిచి కరెంటు బిల్లుల కింద దాచాడు.

రాత్రి రెండు.
ఆయనా మేలుకునే ఉన్నాడని ఊపిరి చెప్పింది.
కుడి పక్కటెముకల కింద వేళ్లతో వెతికాను.
నొప్పి లేదు. గడ్డ లేదు. ఏమీ లేదు.
లేచి వెళ్లి పోపుల డబ్బా తెరిచి
ఒక్క మిరియాన్ని అరచేతిలో వేసుకుని
ఫ్రిజ్ వెలుతురులో చూస్తూ నిలబడ్డాను.
ఇంతే.
ఇంతదానికి ఇంత రాత్రా.

"ఎక్కువ భాగం ఇవి కొవ్వేనమ్మా," అన్నాడు డాక్టర్ పాండురంగం,
"గోడకి పేరుకున్న కొలెస్ట్రాల్.
ఈ సైజులో క్యాన్సర్ చాలా అరుదు.
పది మిల్లీమీటర్లకి చేరితే సంచి తీసేస్తాం,
చప్పున పెరిగినా ఊరుకోం.
కడుపునొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం
ఏది కనిపించినా ఆగకుండా రండి.
లేదంటే ఆర్నెల్లకి, ఏడాదికి, రెండేళ్లకి స్కాన్.
అప్పటికీ పెరక్కపోతే మర్చిపోండి."

అలవాటు కొద్దీ అడిగేశాను:
"మీ మిషన్లో తేడా ఎంత రావచ్చు సార్?"
పెన్ను మూత పెట్టి, మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.
"కొలిచే చెయ్యి మారితే ఒక మిల్లీమీటరు అటూ ఇటూ.
వచ్చేసారి ఐదని రాసుంటే ఏడవొద్దు మరి."

ఈ భాష నాది.
కిలో రాయికి కూడా చట్టం ఇంత తరుగు ఒప్పుకుంటుంది.
పెట్రోలు బంకులో కొలపాత్ర అంచు దగ్గర
కొన్ని చుక్కలకి కేసు రాయను నేను.
నా శరీరం దగ్గరికొచ్చేసరికి
వెంట్రుకవాసి తేడా కూడా క్షమించలేకపోయాను.

నిన్న మొండా మార్కెట్లో
ముద్ర గడువు తీరిన త్రాసు పట్టుకున్నాను.
ఆకుకూరల పోచవ్వ లబలబలాడింది.
"మంచిగనే తూగుతది బిడ్డా! ఏం పాడైందని?"
"పాడైందని కాదవ్వా.
యాడాదికోసారి చూపియ్యాలె, గంతే."
అన్నాక కాసేపు
ఆ తోటకూర కట్టల ముందు ఊరికే నిలబడ్డాను.
పోచవ్వ నా చేతిలో రెండు కట్టలు పెట్టింది.
లంచం కాదట. ముఖం వాడిపోయిందట.
పైసలిచ్చే తీసుకున్నాను.

బోనాలు అయిన మరుసటి వారం మళ్లీ స్కాను.
క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టింది మా ఆయనే.
ఆ రాత్రి మిరియం మాత్రం
డబ్బాలో మిగతావాటిలో కలిసిపోయింది.
ఏ చారులో నలిగిందో
ఎవరి విస్తట్లో ఘాటయిందో
గుర్తులేదు.