రసీదు నంబరు 412

హార్డ్ డిస్క్ చచ్చిపోయిందన్నడు సారు.
చెల్లె పెళ్లి ఫొటోలున్నయి, ఎట్లన్న తీయి తమ్మీ అన్నడు.
కాజీపేట చౌరస్తల నా డబ్బా దుకాణం,
రైలు పోయినప్పుడల్లా బల్ల మీది స్క్రూలు వణుకుతయి.

చచ్చిన డిస్కుల నుంచి బొమ్మలు ఒక్కొక్కటే లేసినయి
పసుపు చేతులు, బగారా గంజులు, బాసింగం,
ఆ తర్వాత
ఓ పిల్ల.
పెళ్లి పిల్ల కాదు. బడి పిల్ల.

మానిటర్ తీగ పీకేసిన.
చేతులు కడుక్కున్న. మళ్ల కడుక్కున్న.

వకీలు రాజకొంరయ్య ఫోన్ల మెల్లగ చెప్పిండు:
తుడిచేస్తివా, సాక్ష్యాన్ని చంపినట్టు.
పెన్ డ్రైవ్‌ల ఎక్కిస్తివా, నేరం నీ జేబుల ఉన్నట్టు.
ఎవ్వలకు చూపెట్టకు, నాకు గూడ పంపకు.
నోరు మూసుకొని వాపసిస్తివా...
ఆడ ఆగిండు. గొంతు సవరించుకున్నడు.
ఫోన్ పెట్టెయ్యలే, మాట్లాడలే.

రసీదు బుక్కుల రాసిన:
సాయంత్రం ఆరు దాటి పదిహేడు నిమిషాలు.

అప్పుడే సారు ఫోను. 'అయ్యిందా తమ్మీ?'
'పార్టు రాలే సార్, హైదరాబాద్ నుంచి రావాలె.'
రోజూ పదిమందికి చెప్పే అబద్ధమే,
ఇయ్యాల నాలుక ఎండింది.

డిస్కును పాత టవల్ల చుట్టి, షట్టర్ గుంజి,
స్టేషన్ల బల్ల మీద పెట్టిన.
రైటర్ తల ఎత్తకుండ అడిగిండు:
'ముందుగాల ఇది చెప్పు. నువ్వెందుకు చూసినవ్?'

రసీదు ముందల పెట్టిన.
దాని మీద సారు సంతకం, నేను రాసిన టైము,
ఓ మూలకు ఇంకా ఆరని
నా వేలిముద్ర.