హౌలే

మిర్యాలగూడ రైస్‌మిల్లు కాంటాకాడ
మాట పుట్టుక మీద పంచాయితి.

"హల్కా నుంచి జారింది, మా ఉర్దూదే"
ఖదీర్ సాబు, పాన్ నములుకుంట.
"యాడిదయ్యా! హోళీ నాడు తాగి
దున్నపోతుకు దండం పెట్టిన
మా మేనమామతోనే మొదలు" అని బుచ్చిరాములు.
తడిసిన వడ్ల లెక్క
ఎవరి మాటల ఎంత తరుగు తియ్యాల్నో
నాకు తెల్వలే.

బస్తా జారింది. గింజలన్నీ నేలపాలు.
"హౌలే!"
ఇద్దరూ ఒక్కసారే,
ఏ భాషని అడుక్కోకుంట.

ఒడిశా పిల్లగాడు బైకుంఠ
గింజలెత్తుకుంట నవ్విండు:
"వచ్చిన కొత్తల
నెల దాకా
అది నా పేరే అనుకున్న.
పిలిస్తే పలికిన గూడ."

జీతాల బుక్కుల ఆ నెల
నేనేం పేరు రాసిన్నో
తిరగేసి చూడబుద్ధి గాలే.