కరెంటు పోయినాక

పన్నెండున్నరకు కరెంటు పోయింది.
మా బేతంచెర్లలో రాళ్లు కోసే రంపాలన్నీ
ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి.
నా మిషన్ కింద జాకెట్టు చెయ్యి సగంలో ఆగింది.
మోటారు పెట్టించుకున్నాక
కాలితో తొక్కేది మరిచిపోయినాను.

రేపటికి ఏడు జాకెట్లు ఇయ్యాల.
ఫోను చూస్తే నాలుగు శాతం.
లేచి తిరిగినా, కూచుని విసుక్కున్నా
ఎండ జానెడు కూడా జరగలేదు.

పక్కింటి కాశింబి వచ్చింది.
బండల మీద చెంబెడు నీళ్లు చిలకరించి
అరిచేత్తో తుడిచి
"పడుకో మే" అనింది. అంతే.

వీపు కింద నాపరాయి.
ఇన్నేళ్లు ఊడ్చినాను, తుడిచినాను,
దీని చలవ ఇంత లోతని తెలీదు.
లారీలకెత్తి ఏ ఊర్లకో పంపుతామే, ఇదే రాయి.

కుండకు చెమట పట్టింది.
జారే ముందు ప్రతి బొట్టూ
కాసేపు ఆలోచిస్తాది.

నన్నారి గ్లాసు గటగటా ఎత్తబోతే
"సిన్నగా తాగు,
నీళ్లకేమన్నా కాళ్లుండాయా పారిపోను?"
అనేసి తను నిద్రపోయింది.
చేతిలో విసనకర్ర మాత్రం
ఇంకా రెండుసార్లు ఊగింది.

నేను కళ్లు తెరిచే ఉన్నాను.
గవాచిలోంచి దిగిన ఎండబిళ్ల
గోడకు వేలాడే టేపు దాటి
కత్తెర పిడి దాకా నడిచింది.
రోజూ నడిచేదే.
మొదట్నించి చివరిదాకా నేను చూసింది ఈ పొద్దే.

మూడు దాటినాక ఫ్యాను మూలిగింది.
రంపాలు మళ్లా అందుకున్నాయి.
లేచినాను, వీపంతా తడి.
స్విచ్చి దగ్గరికి పోయిన చెయ్యి
ఎందుకో మళ్లి
కుండ మూత తీసింది.
సాయంత్రానికి నీళ్లు చాలుతాయో లేదో
వంగి, నిదానంగా చూసుకున్నాను.