కౌంట్ ఎంత?

వానలు పడితే చాలు, నల్లకుంటలో
మా ల్యాబ్ కిటికీకి ముఖాలు అతుక్కునేవి.
"మేడం, కౌంట్ ఎంత?"
బొప్పాయి ఆకు పసరు వాసన కొట్టే స్టీలు గ్లాసుల మధ్య
పద్దెనిమిదేళ్లు ఆ ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పాను.
ఇరవై వేలంటే ఒక తల్లి గోడ వెంట జారి కూలబడేది.
లక్ష దాటిందంటే ఎవరో నాకు ఇరానీ చాయ్ పంపేవాళ్లు.

లెన్సు కింద చూస్తే అవి ఏమంత కావు.
ఊదారంగు నలుసులు.
కేంద్రకం లేదు, వారం పది రోజుల బతుకు,
ఎక్కడ చిరిగిందంటే అక్కడికి ఉరుకు.

బోనాల ఆదివారం మర్నాడు
తెర మీద నా పెనిమిటి మెదడు చూపించారు.
చిలకలగూడలో పంక్చర్ల దుకాణం జంగయ్యది.
నల్లటి కొమ్మల నడుమ ఒకచోట నరం ఉబ్బి ఉంది,
రేగుపండంత కూడా లేదు.
డాక్టర్ తస్నీమ్ మాటలు వెతుక్కుంటుంటే
ఆయనే అన్నాడు:
"ట్యూబు బుడ్డ కట్టింది గదమ్మా.
ఆడ రబ్బరు పల్సబడ్డది. గాలెక్కువైతే ఠప్."
ఆమె ఇక చెప్పడానికేం మిగల్లేదు.

ఆ బుడ్డలో నెత్తురు పారదట, సుడి తిరుగుతుందట,
నాలా మలుపులో థర్మాకోల్ ముక్క తిరిగినట్టు.
గోడ గీరుకుపోయిందని పసిగట్టి
నా నలుసులు అక్కడికీ చేరాయి,
ఒకదాని వీపు మీద ఒకటి.
"మంచికేనా?" అన్నాను.
"ఒక్కోసారి మాటు వేస్తాయి.
ఒక్కోసారి వాపును పిలుచుకొస్తాయి, గోడ ఇంకా అరుగుతుంది.
ఎప్పుడు ఏదో, మాకూ పూర్తిగా తెలీదు."
తెలీదన్నందుకే ఆమెను నమ్మాను.

కౌంట్ నేనే చూశాను. రెండు లక్షల నలభై వేలు.
మిషన్ ఎన్ని ఉన్నాయో చెప్తుంది,
ఏం తలపెట్టాయో చెప్పదు.

తొడ దగ్గర తీగ దూర్చి, మెడ మలుపులు దాటించి
జల్లెడలాంటి సన్నటి గొట్టం పరిచారు.
ఇప్పుడు రోజూ రెండు రకాల మాత్రలు,
నలుసుల నోరు కట్టేయడానికి.
జల్లెడ మీద కూడకండి,
బుడ్డలో మాత్రం కూడి, గడ్డకట్టి, దాన్ని పూడ్చేయండి.
ఈ తేడా వాటికి ఎవరు చెప్తారు?

నిన్న రిమ్ము గీరుకుని ఆయన బొటనవేలు తెగింది.
చిన్న గాటే. ఆగదు.
కొంగుతో అదిమిపట్టి గడియారం చూస్తూ కూర్చున్నాను,
రండి అని వేలి దగ్గర బతిమాలుతూ,
వద్దు అని తల దగ్గర బతిమాలుతూ.
పద్నాలుగో నిమిషంలో
కళ్లు తెరవకుండానే అడిగాడు,
"ఏమే, కౌంట్ ఎంత?"

బయట ఎవరో బండి స్టాండు వేశారు.
"జంగన్నా, ఎన్క టైరు!"