కళ్లద్దాలు మర్చిపోయాను

ఓడ కూతకి తల తిప్పింది మియరాయ్.
స్టాప్‌వాచ్ ఆపలేదు నేను, ఆపకూడదు.
ఏడు, రెండు, తొమ్మిది, నాలుగు అన్నాను.
వెనక నుంచి చెప్పాలి తను.
"నాలుగు..." అంది.
కాసేపాగి
"అది ఎర్ర ఓడ. కూతని బట్టి తెలిసిపోతుంది" అంది.

నా కాగితంలో ఆ గడికి సున్నా.
ఎర్ర ఓడకి గడి లేదు.

వాల్పరాయిసో కొండ మీద రెండో అంతస్తు గది.
కిటికీ మూస్తే ఉక్క,
తీస్తే రేవు మొత్తం లోపలికొస్తుంది.
నుదుటి వెనక ఒక కాపలావాడు ఉంటాడని
తల్లిదండ్రులకి చెబుతుంటాను.
ఏ చప్పుడు లోపలికి రావాలో
ఏది గుమ్మంలోనే ఆగాలో చూసుకునేవాడు.
ఈ పిల్ల కాపలావాడు నిద్రపోవడం లేదు,
తలుపు తట్టిన ప్రతివాడికీ కుర్చీ వేస్తున్నాడు.

బయట బల్ల మీద వాళ్ల నాన్న ఎలెవ్తేరియో,
రేవులో క్రేన్ నడుపుతాడు.
నలభై ప్రశ్నల ఫారం చేతికిచ్చి గంటయింది,
పెన్ను మూత తీయలేదు.
"కళ్లద్దాలు మర్చిపోయానండీ."
ముక్కు వైపు చూశాను.
కళ్లద్దాలు కూర్చున్న నొక్కు లేదు.
"పర్లేదు, నేను చదువుతాను."

చెప్పిన పని సగంలో వదిలేస్తుందా?
తరచూ.
వస్తువులు పారేసుకుంటుందా?
గొడుగులు. ఈ చలికాలమే మూడు.
అక్షరాలు తారుమారు చేస్తుందా?

ఆయన క్రేన్ల వైపు చూశాడు.
"బి అటు తిరిగితే డి, తలకిందులైతే పి.
ఒకే కొక్కెం కదండీ,
ఎలా వేలాడదీస్తే అలా ఓ పేరు.
గోడవైపు తిప్పి నిలబెట్టేవాళ్లు.
సున్నం పగుళ్లు లెక్కపెట్టేవాణ్ణి.
పదకొండేళ్లకి మానేశాను."

చేస్తుంది ఎక్కడ చేసేవాణ్ణి అయిందో
ఇద్దరం గమనించనట్టే ఉన్నాం.

"మరి కంటైనర్ల మీద నంబర్లు?"
"చదవను. రంగు, సొట్ట, తుప్పు.
ఇన్నేళ్లలో ఒక్కటి కూడా తప్పు ఓడ ఎక్కించలేదు."

నా డ్రాయర్‌లో పెద్దవాళ్ల ఫారం వేరే ఉంది.
తీశాను. మళ్లీ లోపల పెట్టాను.
ఇవాళ పిల్ల రోజు.

"దీనికున్న దానికి పేరుందా?"
"ఉంది."
"మంచిదే," అన్నాడు పెన్ను వెనక్కిస్తూ,
"నాకు పెట్టిన పేరు మొద్దు."

ఒక బూటు లేసు ఊడి
మియరాయ్ బయటికొచ్చి నిలబడింది.
అప్పుడే మళ్లీ కూత.
రెండు తలలూ ఒక్కసారే తిరిగాయి.
"పచ్చది" అంది పిల్ల.
"కాదు, నీలం" అన్నాడు ఆయన.

నేను మాత్రం
కిటికీ దాకా వెళ్లి చూడాల్సి వచ్చింది.